టర్బో బండి, సబ్ర్ కిస్సా

1965లో అమెరికాలో ఒక వింత మరమ్మతు నడిచింది. ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ అనే కారు కొన్నవాళ్లు దాన్ని వర్క్‌షాపుకు తీసుకెళ్తే, మెకానిక్ అందులోని టర్బోను విప్పి పక్కన పడేసి, దాని జాగాలో మామూలు కార్బురేటర్ బిగించి పంపేవాడు. ఆ ఏర్పాటు చేసింది జనరల్ మోటార్సే. ఏ పుర్జా వల్ల ఆ బండికి పేరొచ్చిందో ఆ పుర్జానే తీసేయడం! ఇవాళ ఆ కారు ఏదైనా పాత షెడ్డులో దొరికితే షౌకీన్లు మొదట వెతికేది ఆనాడు పారేసిన ఆ టర్బో కోసమే.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. పాత టర్బో స్పోర్ట్స్ కారును పూర్తిగా విప్పి, ప్రతి బోల్టూ కడిగి, మళ్లీ కట్టి రోడ్డెక్కించే వాళ్లకు ఈ రెండు అర్థాలూ కావాలి. ఆ బండి ఎందుకు పాడైందో తెలియకపోతే, బాగుచేసిన బండిని మళ్లీ అలాగే పాడు చేస్తారు. నా లెక్కలో ఆ బండ్ల తారీఖ్ మొత్తం ఒకే మాట చుట్టూ తిరుగుతుంది: సబ్ర్.

వృథాగా పోయే పొగ

ఇంజిన్‌లో పెట్రోలు మండితే పుట్టే వేడిలో చక్రాలకు చేరేది కొంతే. చాలా భాగం సైలెన్సర్ గుండా పొగతో పాటు గాలిలో కలిసిపోతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు దీన్ని చూస్తే ఒక్క మాటలో తేల్చేస్తారు: ఇస్రాఫ్. ఈ వృథాను చూసి ఊరుకోలేకపోయిన మనిషి ఆల్ఫ్రెడ్ బూషి. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో 1879లో పుట్టిన ఇంజినీరు. బయటికి పోయే పొగతో ఒక చిన్న చక్రం తిప్పి, ఆ చక్రానికి ఇరుసుతో కలిపిన మరో చక్రంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టవచ్చని ఆయన ఆలోచన. 1905 నవంబర్ 16న జర్మనీలో దానికి పేటెంట్ పొందాడు.

కాగితం మీద రాసినంత సులువుగా అది పని చేయలేదు. ఎర్రగా కాలే పొగను తట్టుకునే లోహం దొరకాలి, ఆ వేగాన్ని మోసే బేరింగులు తయారు కావాలి. బూషి 20 ఏళ్లు ఆగాడు. ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోలేదు, నమూనా తర్వాత నమూనా కట్టాడు. 1920ల మధ్యలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజిన్లకు టర్బో అమర్చితే, 1,750 గుర్రపు శక్తి ఇచ్చే ఇంజిన్ 2,500 దాకా ఇచ్చింది.

ఈ లోపల అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీరు 1918లో విమానం ఇంజిన్‌ను లారీ మీద కట్టుకుని కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదకు తీసుకెళ్లాడు. ఎత్తు 14,000 అడుగులు. గాలి పల్చబడితే ఇంజిన్ దమ్ము తగ్గుతుంది. కింద 350 గుర్రపు శక్తి ఇచ్చిన ఇంజిన్ పైన 230కి పడిపోయింది. టర్బో కలిపితే 356 ఇచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు టర్బో ఓడలకు, విమానాలకు, పెద్ద లారీలకే పరిమితమైంది. వాటిని నడిపేవాళ్లు, చూసుకునేవాళ్లు తర్ఫీదు పొందిన మనుషులు. కారులో కూర్చునేది మామూలు మనిషి. అసలు ఇమ్తిహాన్ అక్కడ మొదలైంది.

ఒక సీసా నీళ్ల కథ

1962లో వచ్చిన జెట్‌ఫైర్‌లో మూడున్నర లీటర్ల అల్యూమినియం వీ8 ఇంజిన్, 215 గుర్రపు శక్తి. గాలి ఎక్కువ నెడితే పెట్రోలు వేళ కాని వేళ పేలి పిస్టన్లను దెబ్బతీస్తుంది. దానికి విరుగుడుగా కంపెనీ ఒక చిన్న ట్యాంకు పెట్టింది. అందులో డిస్టిల్డ్ వాటర్, మిథైల్ ఆల్కహాల్, తుప్పు పట్టకుండా కొంచెం మందు. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని ఘనమైన పేరు. దమ్ము పెరిగినప్పుడల్లా ఆ ద్రవం సన్నగా లోపలికి చిమ్మి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది.

యజమాని చేయాల్సిన పని ఒక్కటే, ఆ ట్యాంకు ఖాళీ కాకుండా చూసుకోవడం. చాలామంది అది కూడా చేయలేదు. ట్యాంకు ఖాళీ అయితే ఇంజిన్‌ను కాపాడేందుకు ఒక వాల్వు టర్బోను అణిచేస్తుంది. బండికి దమ్ము లేదని ఫిర్యాదు. వాడక టర్బోలు బిగుసుకుపోయాయి. రెండేళ్లలో మొత్తం 9,607 బండ్లు తయారు చేసి కంపెనీ ఆపేసింది. ఆ తర్వాత ఇందాక చెప్పిన మరమ్మతు వచ్చింది. ఆ అల్యూమినియం ఇంజిన్ హక్కుల్ని బ్రిటన్‌లోని రోవర్ కంపెనీ కొనుక్కుని దశాబ్దాల పాటు నడుపుకుంది. ఇంజిన్‌లో ఖోట్ లేదు. బండి అడిగిన చిన్న పాటి హిఫాజత్ మనుషుల అలవాటులో లేదు.

తేల్ బంద్ అయిన కాలం

జర్మనీలో పోర్షె ఇంజినీర్లు టర్బోను రేసు బండ్ల మీద మచ్చిక చేసుకున్నారు. 1972, 1973 సంవత్సరాల్లో ఉత్తర అమెరికాలో జరిగిన కాన్-ఆమ్ పందేల్లో వాళ్ల టర్బో 917 బండ్లు వరసగా గెలిచాయి. 1973లో మార్క్ డోనహ్యూ నడిపిన 917/30కి 1,000 గుర్రపు శక్తి దాటింది. ఇక మామూలు రోడ్డు మీదకు తేవడమే తరువాయి అనుకుంటుండగా ప్రపంచం తిరగబడింది.

1973 అక్టోబర్‌లో యుద్ధం, వెంటనే అరబ్ దేశాల చమురు నిషేధం. కొన్ని నెలల్లో పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరకు చేరింది. పశ్చిమ జర్మనీలో నవంబర్ 25 నుంచి నాలుగు ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదన్నారు. బండ్లు దూసుకెళ్లే ఆటోబాన్ మీద జనం సైకిళ్లు తొక్కారు, పిల్లలు ఆడుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లో బీఎండబ్ల్యూ తన 2002 టర్బోను బజారులో పెట్టింది. ముందు బండివాడు అద్దంలో చూస్తే సరిగ్గా కనబడేలా టర్బో అనే మాటను బంపర్ కింద తిరగేసి రాశారు. దారి వదులు అని గద్దించినట్టుందని జర్మనీలో పెద్ద గొడవైంది, ఆ రాత తీసేశారు. 1,672 బండ్లతో దాని కథ ముగిసింది.

ఈ తేల్ కథకు ఇంకో కొస మన ఇళ్లలోనే ఉంది. జర్మనీ రోడ్లను ఖాళీ చేసిన ఆ ధరలే ఖలీజ్ దేశాల్లో రోడ్లు, ఎయిర్‌పోర్టులు కట్టించాయి. హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి మన మామూలు, చిచ్చాలు పాస్‌పోర్టు చేయించుకుని బయలుదేరింది ఆ తర్వాతే. ఒక చోట కర్ఫ్యూ పెట్టిన తేల్ ఇంకో చోట చూల్హా వెలిగించింది.

పోర్షె మాత్రం వెనక్కి తగ్గలేదు. 1974 అక్టోబర్‌లో పారిస్ ప్రదర్శనలో 911 టర్బో పెట్టింది. కంపెనీ లోపలి నంబరు 930. మూడు లీటర్ల ఇంజిన్, 260 గుర్రపు శక్తి, గంటకు 250 కిలోమీటర్ల వేగం. 1978 మోడల్‌కు అది 3.3 లీటర్లయింది, 300 గుర్రపు శక్తి వచ్చింది, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కలిసింది, 917 రేసు బండి బ్రేకుల వారసత్వం దక్కింది. 1989 దాకా తయారైంది.

930కి ఇంకో పేరు కూడా పడింది. ఇంగ్లిష్ పత్రికలు దాన్ని విధవలను చేసే బండి అన్నాయి. కారణం చెడ్డ తయారీ కాదు, దాని మిజాజ్. ఎక్కువ గాలి తట్టుకోవాలని ఇంజిన్ కంప్రెషన్‌ను బాగా తగ్గించారు, మొదటి మోడల్‌లో 6.5కి 1. అందువల్ల కింది వేగంలో బండి మందకొడిగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ జరగదు. పొగ పెరిగి, చక్రం తిరిగి, గాలి నిండేదాకా ఆగాలి. తర్వాత ఒక్కసారిగా వెనక నుంచి తోసినట్టు దూకుతుంది. మలుపు మధ్యలో ఆ తోపు తగిలితే, భయపడి కాలు తీసేస్తే, ఇంజిన్ బరువంతా వెనకే ఉంది కాబట్టి బండి తోక తిప్పేస్తుంది. తొందరపడి తొక్కినవాడికీ, తొందరపడి వదిలినవాడికీ ఒకే శిక్ష.

మళ్లీ కట్టిన బండి

ఇలాంటి 930 ఒకటి 30 ఏళ్లు నడిచి, పదేళ్లు షెడ్డులో పడుకుని, రెండేళ్లు ఉస్తాద్ బల్ల మీద ముక్కలుగా ఉండి, మళ్లీ బండిగా నిలబడిందనుకోండి. రంగు మెరుస్తోంది, తోలు సీట్లు కొత్త వాసన వేస్తున్నాయి. యజమాని చేతిలో చాబీ ఉంది. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడి నుంచి మొదటి కొన్ని గంటల్లోనే.

930కి నీళ్ల రేడియేటర్ లేదు. ఆరు సిలిండర్లను గాలి, నూనె కలిసి చల్లబరుస్తాయి. అందుకే దానికి నూనె అంటే రక్తం లాంటిది. నూనె ఇంజిన్ కింద కాకుండా కుడివైపు వెనక మడ్‌గార్డు లోపలి ట్యాంకులో ఉంటుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి నూనె పొర. ఆ పొర లేకుండా కొన్ని క్షణాలు తిరిగినా చాలు, వేల రూపాయల్లో కాదు, లక్షల్లో నష్టం.

అందుకని అనుభవం ఉన్న ఉస్తాద్‌లు మొదటి రోజు ఇంజిన్‌ను అసలు మండనివ్వరు. టర్బోకు వెళ్లే గొట్టం విప్పి చేతితో నూనె పోస్తారు. పెట్రోలు పంపునూ, స్పార్కునూ ఆపేసి, స్టార్టర్‌తో ఇంజిన్‌ను ఉత్తగా తిప్పుతారు. నూనె ఒత్తిడి ముల్లు లేచి నిలబడేదాకా అదే పని, మధ్యలో స్టార్టర్ చల్లబడడానికి ఆగుతూ. టర్బో ఇంజిన్‌కు దిగువన ఉంటుంది కాబట్టి అందులోకి వెళ్లిన నూనె తనంతట తాను ట్యాంకుకు ఎక్కదు, లాగడానికి వేరే పంపు ఉంది. అది లాగకపోతే నూనె టర్బోలో నిండి పొగ గొట్టంలోకి కారుతుంది. స్టార్ట్ చేయగానే కాసేపు పొగ వస్తే కంగారు అక్కర్లేదు, కట్టేటప్పుడు పూసిన నూనె మండుతుంది. నీలి పొగ ఆగకుండా వస్తుంటే మాత్రం ఆపి వెతకాలి.

ఇక పెట్రోలు సంగతి. ఈ బండిలో బాష్ తయారు చేసిన కే-జెట్రానిక్ ఉంటుంది. కంప్యూటరు లేకుండా, వచ్చే గాలిని ఒక రేకు కొలుస్తుంటే, సన్నటి దారుల్లో పెట్రోలు కొలిచి పంపే యంత్రం. పాత పెట్రోలు లోపల ఎండి బంక కడితే ఆ దారులు మూసుకుపోతాయి. పాత రబ్బరు గొట్టాలకు ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు పడదు. మెత్తబడి, చిట్లి, వేడి ఇంజిన్ మీద కారితే మంటే. రెండేళ్ల మేహనత్ పది నిమిషాల్లో బూడిద కావచ్చు. బయటికి కనబడని ఆ గొట్టాలు మార్చకుండా రంగు మీద డబ్బు పెట్టినవాడికి బండి కట్టడం తెలియదనే చెప్పాలి.

ఇంజిన్ లోపల మరో పాత జబ్బు ఉంది. సిలిండర్ హెడ్లను పట్టి ఉంచే పొడవాటి స్టడ్లలో డిలవార్ అనే మిశ్రమ లోహం వాడారు. అల్యూమినియంతో సమానంగా వేడికి సాగాలని దాని ఉద్దేశం. ఏళ్లు గడిచేకొద్దీ వాటికి తుప్పు పట్టి, ఒక్కోసారి బండి నిలబడి ఉండగానే విరిగాయి. ఇంజిన్ విప్పినప్పుడే వాటిని మార్చుకోవాలి.

టైర్ల విషయంలో చాలామంది మోసపోతారు. గాడులు లోతుగా ఉన్నాయని తృప్తిపడతారు. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరుకూ తారీఖ్ ఉంటుందన్నమాట. తోక తిప్పే అలవాటున్న బండికి గట్టిపడ్డ టైర్లు వేసి రోడ్డెక్కడం జాన్‌తో జూదం.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

మా ఉర్దూ మీడియం బడిలో సబ్ర్ అంటే ఓర్చుకోవడం అని అర్థం రాయించేవారు. బండి ఆ మాటకు ఇంకొంచెం అర్థం చెబుతుంది. కొత్త పిస్టన్ రింగులు సిలిండర్ గోడతో కుదురుకోవాలంటే ఇంజిన్‌ను భయం భయంగా ఒకే చోట నిలబెట్టి గంటలకొద్దీ నడిపితే లాభం లేదు. గోడలు నునుపు తేలిపోయి రింగులు ఎప్పటికీ పట్టు దొరకబుచ్చుకోవు. బండి రోడ్డు మీదకు రావాలి, కొంత బరువు మోయాలి, వేగం పెరగాలి, తగ్గాలి. కానీ టర్బో పూర్తి దమ్ము చూపించేదాకా తొక్కకూడదు. పని చేయిస్తూ ఆగడం, ఆగుతూ పని చేయించడం. బూషి 20 ఏళ్లు చేసింది కూడా ఇదే.

దగ్గర్లోనే ఒక పది కిలోమీటర్ల చుట్టు తిరిగి వచ్చి, కింద పడుకుని చూడాలి. ఎక్కడ నూనె చెమర్చింది, ఏ బోల్టు వదులైంది, ఏ చక్రం దగ్గర వేడి ఎక్కువుంది. నూనె కొలిచే పద్ధతి కూడా వేరు. బండి బాగా వేడెక్కాక, చదును నేల మీద, ఇంజిన్ నడుస్తుండగానే కడ్డీ తీసి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోసినవాడు ట్యాంకు పొంగించుకుంటాడు. నూనె వెయ్యి కిలోమీటర్ల లోపే మార్చి, వడపోసిన లోహపు పొడి ఎంతుందో చూస్తారు. వాల్వుల సందు మళ్లీ కొలుస్తారు. ఆ సందు 0.10 మిల్లీమీటరు, దాదాపు ఒక పల్చటి కాగితమంత.

ఇంకో మర్యాద ఉంది. గట్టిగా నడిపి వచ్చి వెంటనే చాబీ తిప్పి ఆపకూడదు. ఎర్రగా కాలిన టర్బోలో నూనె కదలకుండా నిలిచిపోతే అక్కడే మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను మెల్లగా నడవనిచ్చి ఆపాలి. ఈ మాట చెప్పడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు. టర్బో లారీలు తోలిన మన డ్రైవర్ భాయీలు ఢాబా ముందు బండి నిలిపాక కాసేపు ఇంజిన్ ఆపకుండా కూర్చుంటారు. ఛాయ్ కోసం ప్రాణం లాగుతున్నా అలాగే కూర్చుంటారు.

కాగితాల ఇమ్తిహాన్

జర్మనీలో 30 ఏళ్లు దాటిన బండికి 1997 నుంచి నంబరు చివర హెచ్ అనే అక్షరంతో ప్రత్యేక ప్లేటు ఇస్తున్నారు. దానికి నిపుణుడి పరీక్ష ఉంది. బండి అసలు రూపానికి దగ్గరగా, కాపాడదగిన స్థితిలో ఉండాలి. మార్పులు చేసి ఉంటే ఆ జమానాకు తగినవై ఉండాలి. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండ్లకు 2018 మే నుంచి ఏటా చేసే పరీక్ష తప్పనిసరి కాదు. కాగితం అడగకపోయినా బ్రేకులు చూపించుకునే వాళ్లే బుద్ధిమంతులు. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు, నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరుగుడుకు దాన్ని వాడకూడదు.

కాగితం బండి ఎలా ఉందో చూస్తుంది. దాన్ని నడిపే మనిషి మారాడో లేదో చూసే కాగితం ఎక్కడా లేదు.

930 కథలో ఒక చివరి మలుపు మన పాఠకులకు నచ్చుతుంది. సిరియాలో పుట్టి సౌదీ వ్యాపారిగా ఎదిగిన అక్రమ్ ఒజ్జే స్థాపించిన టాగ్ సంస్థ డబ్బు పెడితే, పోర్షె ఇంజినీరు హన్స్ మెట్స్‌గర్ ఫార్ములా వన్ కోసం లీటరున్నర టర్బో ఇంజిన్ తయారు చేశాడు. అక్రమ్ కొడుకు మన్సూర్ ఒజ్జే ఆ బంధాన్ని నడిపించాడు. ఆ ఇంజిన్‌తో మెక్‌లారెన్ డ్రైవర్లు 1984, 1985, 1986లో వరసగా ప్రపంచ విజేతలయ్యారు. ఆ ఇంజిన్‌ను రోడ్డు మీద పరీక్షించడానికి అప్పట్లో ఒక 930లోనే పెట్టి తిప్పారు. 30 ఏళ్లు దాటాక, 2018లో బ్రిటన్‌కు చెందిన లాంజాంటే సంస్థ ఆ పాత పందెపు ఇంజిన్లను మళ్లీ కట్టించి 11 పోర్షె 930లలో అమర్చే పని ప్రకటించింది. పందెంలో ఒకటి రెండు గంటలు బతికితే చాలని చేసిన ఇంజిన్లు అవి. రోడ్డు మీద ఏళ్ల తరబడి బతకాలంటే లోపలి భాగాలు చాలావరకు కొత్తగా చేయాల్సి వచ్చింది.

ఇంత డబ్బు, ఇంత హునర్ పెట్టి కట్టిన ఆ బండ్లకు కూడా యజమాని చేయాల్సిన పని మారలేదు. వేడెక్కేదాకా ఆగాలి, చల్లబడేదాకా ఆగాలి, నూనె చూసుకోవాలి. 1962లో ఒక సీసా ద్రవం పోయడానికి తీరిక లేనివాళ్ల చేతుల్లో మంచి ఇంజిన్ ఒకటి బదనామ్ అయింది. అదే ఇంజిన్‌ను ఇవాళ నాలుగు రాష్ట్రాల అవతలి నుంచి టర్బో తెప్పించి కట్టుకునేవాడు, బండి డిక్కీలో ఆ సీసా తప్పకుండా పెట్టుకుని బయలుదేరుతున్నాడు.